ఆమ్లం రెట్టింపు పోసినా గుర్తు త్వరగా మాయం కాలేదు, ఎందుకు?

ఫిజికల్ సైన్స్ టీచర్, పూతలపట్టు మండలం

నమస్కారమండీ. పూతలపట్టు దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న ఫిబ్రవరి 28న సైన్స్ డేకి తొమ్మిదో తరగతి పిల్లల చేత ఒక ప్రయోగం చేయించాను. ప్రయోగం బాగా వచ్చింది. కానీ చివర్లో ఒక అమ్మాయి వేసిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాను. వారం రోజులుగా అదే తలలో తిరుగుతోంది. కెమిస్ట్రీ బాగా తెలిసినవాళ్లు ఇక్కడ ఉన్నారని మొత్తం వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

తెల్ల కాగితం మీద స్కెచ్ పెన్నుతో ఇంటూ గుర్తు గీసి, దాని మీద కోనికల్ ఫ్లాస్క్ పెట్టాం. ఫ్లాస్కులో సోడియం థయోసల్ఫేట్ ద్రావణం, అంటే వెనకటికి ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో. 20 గ్రాముల స్ఫటికాలు అర లీటరు నీళ్లలో కరిగించాను. దానికి 2 మోలార్, అంటే లీటరుకు 2 మోల్‌లు ఉన్న, హైడ్రోక్లోరిక్ ఆమ్లం 5 మిల్లీలీటర్లు కలిపి, పైనుంచి చూస్తూ సెల్‌ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కాలి. గంధకం పుట్టి ద్రావణం పాలలా అవుతుంది. అడుగున ఉన్న గుర్తు మసకబారి, ఒక క్షణంలో పూర్తిగా కనబడకుండా పోతుంది. అక్కడ వాచ్ ఆపాలి. సల్ఫర్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి వరండాలో చేశాం, ఉబ్బసం ఉన్న ఇద్దరు పిల్లలను దూరంగా కూర్చోబెట్టాను. పని అయిపోయిన ఫ్లాస్కును వెంటనే చాకలి సోడా కలిపిన బకెట్లో పోసేశాం.

మొదటి రోజు నా వల్ల ఒక తప్పు జరిగింది. హైపో తగ్గించాను గానీ, తగ్గించినంత మేర నీళ్లు పోయలేదు. గాఢత అనుకున్నంత మారలేదు, ఫ్లాస్కులో లోతు మాత్రం తగ్గింది. అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా వచ్చాయి. మరుసటి రోజు హైపో, నీళ్లు కలిపి ప్రతిసారీ 50 మిల్లీలీటర్లు ఉండేలా చూసుకున్నాం. అప్పుడు వచ్చినవి ఇవి: హైపో 50 మిల్లీలీటర్లు ఉన్నప్పుడు 22 సెకన్లు, 40కి 28, 30కి 37, 20కి 57, 10కి 118.

మిల్లీలీటర్లను సెకన్లతో గుణించమన్నాను. 1100, 1120, 1110, 1140, 1180. బోర్డు మీద ఆ ఐదు అంకెలు పక్కపక్కన పడేసరికి వెనక బెంచీ పిల్లలు కూడా లేచి నిలబడ్డారు. హైపో సగం చేస్తే సమయం రెట్టింపు, అయిదో వంతు చేస్తే సుమారు అయిదింతలు. గుర్తు కనబడకుండా పోవడానికి కావలసిన గంధకం ప్రతిసారీ ఒకటే కాబట్టి, తక్కువ సమయం అంటే ఎక్కువ వేగం. వేగం హైపో గాఢతకు అనులోమంగా ఉందని వాళ్లే చెప్పారు. పుస్తకంలో వాక్యంగా చదివినది వాళ్ల చేతుల్లోంచి అంకెల్లా రావడం చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అప్పుడు లేచింది ఆ అమ్మాయి. వాళ్ల నాన్నకు ఐరాల దారిలో బెల్లం గానుగ ఉంది. క్లాసులో పెద్దగా మాట్లాడదు. "టీచర్, హైపో ఒకటికి ఆమ్లం రెండు కావాలని మీరే బోర్డు మీద సమీకరణం రాశారు కదా. అయితే ఆమ్లం పెంచితే ఇంకా వేగంగా పోవాలి కదా?" అంది.

నిజమే, పోవాలి. చేసి చూద్దాం అన్నాను. హైపో 25 మిల్లీలీటర్ల దగ్గర ఆపేసి, ఆమ్లం మాత్రం 5, 10, 15 మిల్లీలీటర్లు తీసుకున్నాం. మొత్తం ద్రావణం మారకుండా నీళ్లు సరిచేశాం. 45 సెకన్లు, 42 సెకన్లు, 41 సెకన్లు. ఆమ్లం మూడింతలు చేస్తే తగ్గింది నాలుగు సెకన్లు! కొత్త బాటిల్ తెరిచి మళ్లీ కలిపాను. మూడుసార్లు చేశాం. అంతే వచ్చింది.

"క్రియాజనకాల గాఢత పెరిగితే చర్యా వేగం పెరుగుతుంది" అని నోట్సులో రాయించింది నేనే. ఆమ్లం కూడా క్రియాజనకమే, అంటే చర్యలో పాల్గొనే పదార్థమే కదా? మరి ఎందుకు పెరగలేదు? ఆ అమ్మాయికి "కనుక్కుని చెబుతానమ్మా" అని మాటిచ్చాను.

బీఎస్సీ ఫైనలియర్, తిరుపతి

మేడం, హైపో లిమిటింగ్ రియేజెంట్, అంటే ముందుగా అయిపోయే పదార్థం, అయి ఉంటుంది. ఆమ్లం అవసరానికి మించి ఉంది కాబట్టి ఇంకా పోసినా తేడా ఉండదు. ఆమ్లమే తక్కువ పడి ఉంటే అప్పుడు ఆమ్లాన్ని బట్టి వేగం మారేది.

ఫిజికల్ సైన్స్ టీచర్, పూతలపట్టు మండలం

నేనూ మొదట అదే అనుకున్నాను బాబూ. తర్వాత లెక్క వేశాను. నా హైపో సుమారు 0.16 మోలార్. 25 మిల్లీలీటర్లలో 4 మిల్లీమోల్‌లు ఉంటుంది, దానికి 8 మిల్లీమోల్‌ల ఆమ్లం చాలు, నేను పోసింది 10. ఇక్కడ నువ్వన్నది సరిపోతుంది. కానీ మొదటి వరసలో హైపో 50 మిల్లీలీటర్లు తీసుకున్నప్పుడు చూడు. 8 మిల్లీమోల్‌ల హైపోకు 16 మిల్లీమోల్‌ల ఆమ్లం కావాలి, ఉన్నది 10 మాత్రమే. అక్కడ తక్కువ పడింది ఆమ్లమే. అయినా సమయాన్ని నిర్ణయించింది హైపోనే, ఆ 22 సెకన్లు మిగతా అంకెల వరసలోనే చక్కగా కూర్చున్నాయి. అందుకే ఆ జవాబుతో నాకు తృప్తి కలగలేదు.

బీఎస్సీ ఫైనలియర్, తిరుపతి

అవును మేడం, ఆ లెక్క నేను చూడలేదు. గుర్తు మాయం కావడానికి మొత్తం చర్యలో చిన్న భాగం జరిగితే చాలు, అప్పటికి ఏదీ అయిపోదు. నా జవాబు వెనక్కి తీసుకుంటున్నాను. అభిఘాత సిద్ధాంతం ప్రకారం అణువులు ఎక్కువైతే ఢీకొనడం ఎక్కువవుతుంది, ఆమ్లానికీ అదే వర్తించాలి. ఇప్పుడు నాకూ జవాబు కావాలి.

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ముప్పై మూడేళ్లు డిగ్రీ పిల్లలకు ఈ పాఠం చెప్పాను, ఇంత శుభ్రంగా అంకెలు తెచ్చిన బ్యాచులు తక్కువ. నీళ్లు పోసి మొత్తం పరిమాణం సరిచేయడమే ఈ ప్రయోగానికి ప్రాణం, దాన్ని మీరే పట్టుకున్నారు.

ఆ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. సమీకరణంలో రెండు అని ఉంది కాబట్టి ఆమ్లం ప్రభావం ఎక్కువ ఉండాలి అనుకుంది. చాలామంది ఎమ్మెస్సీ వాళ్లు కూడా అలాగే అనుకుంటారు. తుల్య సమీకరణం పెళ్లి సరుకుల చీటీ లాంటిది. ఎంత బియ్యం, ఎంత పప్పు, ఎన్ని విస్తళ్లు అన్నది అందులో ఉంటుంది. వంట ఎన్ని గంటలకు దిగుతుందో ఆ చీటీ చూసి ఎవరూ చెప్పలేరు. దానికి వంటశాలలోకి వెళ్లి చూడాలి. చివరికి ఎంత తయారవుతుంది అన్నది ఒక ప్రశ్న, ఎంత వేగంగా తయారవుతుంది అన్నది పూర్తిగా వేరే ప్రశ్న.

ఈ రెండూ కలిసిపోవడానికి కొంత చరిత్ర ఉంది. 1864లో నార్వేలో గుల్డ్‌బర్గ్, వాగే అనే ఇద్దరు ద్రవ్యరాశి క్రియా నియమాన్ని, అంటే చర్య పదార్థాల గాఢతలను బట్టి నడుస్తుందనే నియమాన్ని ప్రకటించారు. ఒకరు గణితం మనిషి, ఒకరు రసాయనం మనిషి, వరసకు బావామరుదులు. మన పాఠాల్లో ఆ నియమం చెప్పేటప్పుడు సమీకరణంలోని గుణకాలనే గాఢతలకు ఘాతాలుగా వేసేస్తాం. సమతాస్థితికి, అంటే చర్య ముందుకూ వెనక్కీ సమానంగా సాగే స్థితికి, అది సరిపోతుంది. ఒకే మెట్టులో జరిగే చర్యకు, వేగం విషయంలోనూ సరిపోతుంది. మెట్లు మెట్లుగా జరిగే చర్యకు సరిపోదు. 1884లో వాంట్ హాఫ్ తన పుస్తకంలో చర్యలను వేగాన్ని బట్టి తరగతులుగా విడదీసి, ఏ గాఢత ఏ ఘాతంలో పనిచేస్తుందో ప్రయోగం నుంచి రాబట్టే పద్ధతి చూపించాడు. కెమిస్ట్రీలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనకే వచ్చింది. ఆ ఘాతాన్నే ఇప్పుడు చర్యా క్రమాంకం అంటున్నాం. మీ పిల్లలు గుణించి తెచ్చిన 1100, 1120లు చెబుతున్నది అదే: హైపో పరంగా క్రమాంకం ఒకటి. ఆమ్లం పరంగా మీరు వాడిన గాఢతల్లో దాదాపు సున్నా.

సున్నా క్రమాంకం నాకు నమ్మకం కుదిరింది 1978లో, ఎస్వీ యూనివర్సిటీ ఎమ్మెస్సీ ల్యాబులో. అసిటోన్, అయోడిన్, కొంచెం ఆమ్లం కలిపిన కుప్పె. అయోడిన్ గోధుమ రంగు నెమ్మదిగా పోతుంది. అయోడిన్ రెట్టింపు వేసి చూశాను, వేగం మారలేదు. ఆమ్లం రెట్టింపు చేశాను, వేగం రెట్టింపయింది. సమీకరణంలో ఎడమవైపు అయోడిన్ ఉంటుంది, ఆమ్లం ఉండదు! రాసి ఉన్నది వేగాన్ని మార్చలేదు, రాయనిది మార్చింది. కారణం ఏమిటంటే, ఆమ్లం సాయంతో అసిటోన్ అణువు మరో రూపంలోకి మారడమే ఆ చర్యలో నెమ్మది మెట్టు. అది మారిందా, పక్కనే కాచుకుని ఉన్న అయోడిన్ చటుక్కున పట్టుకుంటుంది. కాచుకుని ఉన్నవాళ్లు వంద మందైనా వెయ్యి మందైనా ఒకటే.

ఇది మన జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. జూన్ నెలలో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ముందు తోతాపురి ట్రాక్టర్ల వరస చూసే ఉంటారు. సీజన్ మొదట్లో రోజుకు నాలుగు ట్రాక్టర్లు వస్తే నాలుగు లోడ్ల గుజ్జు తీస్తారు, ఎనిమిది వస్తే ఎనిమిది. ఆ దశలో ఎన్ని వస్తే అంత పని. కాయ దిగుబడి ముమ్మరమై రోడ్డు పొడవునా రెండు కిలోమీటర్లు ట్రాక్టర్లు నిలిచాక, ఇంకో యాభై వచ్చి చేరినా లోపల మిషన్ తీసే గుజ్జు పెరగదు.

మీ ఫ్లాస్కులో జరిగింది ఇదే. థయోసల్ఫేట్ ముందుగా ఆమ్లం నుంచి ఒక హైడ్రోజన్ అయాన్‌ను పట్టుకోవాలి. ఆ పని క్షణంలో అయిపోతుంది. తర్వాత గంధకం పరమాణువులు ఒక అయాన్ నుంచి ఇంకో అయాన్‌కు చేరుతూ గొలుసుగా పెరగాలి, ఆ గొలుసు ఎనిమిది పరమాణువుల ఉంగరంగా విడిపడాలి, అవి గుంపులుగా చేరి కంటికి కనబడే రేణువులు కావాలి. ఆలస్యమంతా అక్కడే. మీరు 5 మిల్లీలీటర్ల ఆమ్లం పోసినప్పుడే థయోసల్ఫేట్‌లో ఎక్కువ భాగం తన హైడ్రోజన్ అయాన్‌ను పట్టేసుకుంది. ఇంకో 10 మిల్లీలీటర్లు పోస్తే మిగిలిన కొద్ది భాగం కూడా పట్టుకుంటుంది. ఆ కొద్దే మీ నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్లను పొరపాటు అనుకుని కొట్టేయకండి, అది కూడా నిజమే చెబుతోంది.

నా మాట మీద నమ్మి ఆ అమ్మాయికి చెప్పకండి. ఆమ్లాన్ని పెంచడం ఆపి, తగ్గించి చూడండి. ట్రాక్టర్ల వరస తరిగిపోయే దాకా తగ్గించండి.

బీఫార్మసీ విద్యార్థిని, చిత్తూరు

లెక్చరర్ గారు చెప్పినదానికి ఒక మాట కలపాలనిపించింది, ఎందుకంటే ఇక్కడ నేను చాలాకాలం తికమకపడ్డాను. "గాఢత ఎక్కువైతే వేగం ఎక్కువ" అని వినగానే "అయితే పని త్వరగా అయిపోతుంది" అని మనసులో పడిపోతుంది. అది వేరు.

మొదటి క్రమాంకం చర్యలో పదార్థం రెట్టింపు తీసుకుంటే వేగం రెట్టింపు అవుతుంది, కానీ ఖర్చు కావాల్సిన పదార్థం కూడా రెట్టింపే. అందుకే సగం కావడానికి పట్టే సమయం, అంటే అర్ధాయువు, మారదు. మీ ప్రయోగంలో సమయం తగ్గడానికి కారణం, గుర్తును కప్పడానికి కావలసిన గంధకం ప్రతిసారీ ఒకే మొత్తం కావడమే. ఆమ్లం పుష్కలంగా ఉంచి, సగం హైపో ఖర్చయ్యేదాకా కొలిచి ఉంటే, 50కీ 10కీ దాదాపు ఒకే సమయం వచ్చేది.

మందుల విషయంలో దీని విలువ ఎక్కువ. మామూలు మోతాదులో పారాసిటమాల్ అర్ధాయువు సుమారు 2 నుంచి 3 గంటలు. రెండు మాత్రలు ఒకేసారి మింగితే ప్రభావం రెట్టింపు సేపు ఉంటుందని మా వీధిలో చాలామంది అనుకుంటారు. రెట్టింపు మందు వల్ల అదనంగా వచ్చేది ఒక్క అర్ధాయువు మాత్రమే, అంటే రెండు మూడు గంటలు. దానికోసం లివర్ మీద అంత భారం మోపకూడదని మా అమ్మమ్మకు చెప్పీ చెప్పీ ఒప్పించాను. మద్యం సంగతి సార్ చెప్పిన ట్రాక్టర్ల వరసే. లివర్లో దాన్ని విడగొట్టే ఎంజైమ్ తొందరగా నిండిపోతుంది కాబట్టి ఎంత తాగినా గంటకు దాదాపు ఒకే మొత్తం పోతుంది. స్నానం చేసినా, కాఫీ తాగినా ఆ వేగం మారదు.

గానుగ రైతు, ఐరాల

నమస్తే. నేను చదివింది ఇంటర్ వరకే, అదీ ఇరవై ఏళ్ల కిందట. గానుగ మాట వచ్చింది కాబట్టి చదివినాను. ఆ పాప మా ఊరి పక్క పాపే అయి ఉంటుంది, సంతోషం.

నాకొక సందేహం ఉంది, ఇది మీ పాఠానికి సంబంధించిందో కాదో మీరే చెప్పండి. పోయిన ఏడాది జనవరిలో చెరకు కొట్టించినాము. ట్రాక్టరు దొరక్క నాలుగు రోజులు గట్టు మీదే పడి ఉండింది. ఆడి, పెనంలో పోసి, ఎప్పటిలాగే వండినాము. పాకం చూడటానికి కొంచెం తీసి నీళ్ల గిన్నెలో వేస్తే గట్టిపడలేదు. ఇంకాసేపు మంట పెట్టినాము. రంగు నల్లబడింది గానీ దిమ్మ కట్టలేదు. రెండు పెనాలు అట్లే పోయినాయి. అది మంటలోనే లోటు అని పక్కవాళ్లు అన్నారు. మా నాయన మాత్రం "చెరకు నిలవైతే రసం పులుస్తుంది, తీపి మారిపోతుంది, దిమ్మ నిలబడదు" అన్నాడు.

ఇంకొకటి. రసం కాగేటప్పుడు మేము సున్నపు నీళ్లు పోస్తాము. తక్కువైతే బెల్లం మెత్తగా వస్తుంది, ఎక్కువైతే నల్లగా వచ్చి రుచి పోతుంది. ఎంత పోయాలన్నది మా నాయన చేతి అంచనా, నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టు రాలేదు. ఆమ్లం అంటున్నారు కదా, దీనికీ దానికీ సంబంధం ఉందా?

రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్, తిరుపతి

అయ్యా, సంబంధం ఉందా అని అడుగుతున్నారు. ఈ శాస్త్రం మొదలైందే మీరు చెప్పిన చోట.

చర్యా వేగాన్ని మొట్టమొదట లెక్కకట్టి చూపిన మనిషి విల్హెల్మీ అనే జర్మన్. సంవత్సరం 1850. ఆయన తీసుకున్నది చక్కెర ద్రావణం. చక్కెర, అంటే సుక్రోజ్, నీటిలో ఆమ్లం తగిలితే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అని రెండుగా విడిపోతుంది. ధ్రువిత కాంతిని, అంటే ఒకే తలంలో కంపించే కాంతిని, సుక్రోజ్ కుడివైపు తిప్పుతుంది, విడిపోయిన మిశ్రమం ఎడమవైపు తిప్పుతుంది. కాబట్టి ద్రావణాన్ని ముట్టుకోకుండా, చర్యను ఆపకుండా, పోలారిమీటర్‌లో కోణం చూస్తూ ఎంత చక్కెర మిగిలిందో క్షణక్షణం చెప్పవచ్చు. ఆయన కనుక్కున్నది ఒక్క వాక్యం: ఏ క్షణాన ఎంత సుక్రోజ్ మిగిలి ఉందో, ఆ క్షణాన విడిపోయే వేగం దానికి అనులోమం. టీచరమ్మ పిల్లలు హైపోతో కనుక్కున్నదీ అదే వాక్యం.

ఆ చర్యలో నీరు కూడా క్రియాజనకమే. కానీ చుట్టూ అంత నీరున్నప్పుడు కొంచెం ఖర్చయినా దాని గాఢత మారినట్టే ఉండదు, అందుకే వేగం లెక్కలో కనబడదు. దీన్ని మిథ్యా ప్రథమ క్రమాంక చర్య అంటాం. కనబడేవి రెండు, సుక్రోజ్, ఆమ్లపు హైడ్రోజన్ అయాన్. వేగం ఆ రెంటి గాఢతల లబ్ధాన్ని బట్టి ఉంటుంది. ఇక్కడ ఆమ్లం ఖర్చు కాదు, అయినా వేగాన్ని నడిపిస్తుంది.

ఇప్పుడు మీ పెనం దగ్గరికి వద్దాం. చెరకు రసం సహజంగానే కొంచెం పుల్లన, పీహెచ్ 5 దాటి కొంచెం (పీహెచ్ 7 కంటే ఎంత తక్కువైతే అంత ఆమ్లం). కాగేకొద్దీ నీరు ఆవిరై సుక్రోజ్ చిక్కబడుతుంది, అంటే గాఢత పెరిగింది. చివర్లో వేడి 110 డిగ్రీలు దాటుతుంది. రెండూ కలిసి సుక్రోజ్ విడిపోయే వేగాన్ని పెంచుతాయి. విడిపోయిన గ్లూకోజ్, ఫ్రక్టోజ్ తేమను పట్టి ఉంచుతాయి, సుక్రోజ్ పలుకు కట్టకుండా అడ్డుపడతాయి. దిమ్మ నిలవదు. చిక్కబడటాన్ని మీరు ఆపలేరు, అది లేకుండా బెల్లమే లేదు. వేడినీ ఆపలేరు. మీ చేతిలో ఉన్నది హైడ్రోజన్ అయాన్ ఒక్కటే, దాన్ని తగ్గించేదే ఆ సున్నపు నీళ్లు. మీ నాయన చేయి కొలుస్తున్నది దాన్నే. అందుకే సున్నం మొదట్లోనే, రసం పలచగా ఉండగానే పడాలి. మరీ ఎక్కువైతే విడిపోయి ఉన్న ఆ గ్లూకోజ్, ఫ్రక్టోజ్ క్షారంలో చెడిపోయి నల్లబడతాయి, మీరు చెప్పిన రంగు అక్కడినుంచే.

నాలుగు రోజులు గట్టు మీద పడి ఉన్న చెరకులో ఈ పని పెనం దాకా రాకముందే జరిగిపోయింది. అక్కడ ఆమ్లంతోపాటు ఇన్వర్టేజ్ అనే ఎంజైమ్ కూడా పనిచేస్తుంది. 1913లో బెర్లిన్‌లో మికేలిస్, మాడ్ మెంటెన్ అనే ఇద్దరు సరిగ్గా ఈ ఇన్వర్టేజ్ మీదే ప్రయోగాలు చేసి, చక్కెర తక్కువగా ఉన్నంతవరకు వేగం దానితో పాటు పెరుగుతుందని, ఒక హద్దు దాటాక ఎంజైమ్ నిండిపోయి వేగం నిలిచిపోతుందని సమీకరణం రాశారు. ఫార్మసీ అమ్మాయి లివర్ గురించి చెప్పినదానికి మూలం ఆ సమీకరణమే. మాడ్ మెంటెన్ కెనడా నుంచి వచ్చిన డాక్టరమ్మ. టీచరమ్మా, ఆ పేరు మీ ఆడపిల్లలకు తప్పకుండా చెప్పండి.

మీ రెండు పెనాలు పోయినందుకు బాధగా ఉంది. మంటలో ఏ లోటూ లేదు. కొట్టిన చెరకు ఒక రోజు దాటకుండా గానుగలో పడేలా చూసుకోండి, అంతకు మించిన మందు లేదు.

ఫిజికల్ సైన్స్ టీచర్, పూతలపట్టు మండలం

అందరికీ నమస్కారాలు. నాలుగు రోజులు ఆలస్యంగా రాస్తున్నాను, ప్రయోగం పూర్తయ్యాక రాయాలని ఆగాను.

లెక్చరర్ గారు చెప్పినట్టే ఆమ్లాన్ని తగ్గించాం. హైపో 25 మిల్లీలీటర్లు, నీళ్లు 25, ఆమ్లం ఎప్పుడూ 5 మిల్లీలీటర్లే, దాని బలం మాత్రం మార్చాం. 2 మోలార్‌తో 45 సెకన్లు మామూలే. 1 మోలార్‌తో 56. అర మోలార్‌తో 93. 0.2 మోలార్‌తో మూడు నిమిషాలు దాటినా గుర్తు మసగ్గా కనబడుతూనే ఉంది. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు, నేను కూడా.

ప్రశ్న అడిగిన అమ్మాయి చేతికే గ్రాఫ్ కాగితం ఇచ్చాను. అడ్డంగా ఆమ్లం, నిలువుగా ఒకటిని సెకన్లతో భాగిస్తే వచ్చిన విలువ. మొదట గీత నిటారుగా లేచింది, తర్వాత వంగి, చివరి మూడు చుక్కల దగ్గర దాదాపు బల్లపరుపుగా అయిపోయింది. పక్కనే హైపో గ్రాఫ్ పెట్టాను. అది సరళరేఖ. రెండు కాగితాలనూ చాలాసేపు చూసి "టీచర్, మొన్న మనం చేసింది ఈ చివరి మూడు చుక్కలే. అంతకు ముందున్నవి చూడనే లేదు" అంది. ట్రాక్టర్ల సంగతి నేను ఇంకా చెప్పలేదు. చెప్పాక మామిడి తోటలున్న పిల్లలు నలుగురు ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు, వాళ్ల నాన్నలు ఆ వరసలో రెండు రాత్రులు పడుకున్నవాళ్లే.

నోట్సులో రాయించిన వాక్యాన్ని కొట్టేయించలేదు, దాని కింద ఇంకో వాక్యం రాయించాను: "ఏ క్రియాజనకం గాఢత వేగాన్ని ఎంత మారుస్తుందో ప్రయోగం చేసి తెలుసుకోవాలి, సమీకరణం చూసి చెప్పలేం." మాడ్ మెంటెన్ పేరు బోర్డు మీద రాశాను. ఇంకా తుడవలేదు.

గానుగ రైతు గారూ, ఆ అమ్మాయి మీ పక్క ఊరిదే. వాళ్ల నాన్న గారితో మాట్లాడాను. వచ్చే శనివారం మధ్యాహ్నం పన్నెండు మంది పిల్లలను వాళ్ల గానుగ దగ్గరికి తీసుకెళ్తున్నాను. సున్నం పోయకముందు రసం, పోశాక రసం, చిక్కబడ్డాక రసం, మూడింటి పీహెచ్ చూస్తాం. స్కూల్లో ఉన్నది 1 నుంచి 14 దాకా ఒకే చీటీలో చూపించే పేపరు. 5కీ 7కీ మధ్య తేడా దాంట్లో సరిగ్గా కనబడదని నా భయం. తక్కువ రేంజ్ ఉన్న పీహెచ్ పేపరు చిత్తూరులో ఎక్కడ దొరుకుతుందో ఎవరికైనా తెలిస్తే శుక్రవారం లోపు చెప్పగలరా? దొరక్కపోతే తిరుపతికి వెళ్లి తెచ్చుకుంటాను.